హృదయస్థుడు – హృదయయంత్రము

భగవద్గీత 18వ అధ్యాయమునందలి 61వ శ్లోకమున శ్రీకృష్ణ భగవానుడు అర్జునునకు ఒక గంభీరమైన రహస్యమును తెలిపినాడు. ఈశ్వరుడు సర్వభూతముల హృదయదేశమున నిలిచియున్నాడనియు, యంత్రము నెక్కిన వారివలె వారినందరిని తన మాయచే త్రిప్పుచున్నాడనియు దాని భావము. ఆ వెంటనే 62వ శ్లోకమున సర్వభావములతో ఆయననే శరణు పొందుమని ఆదేశము. హృదయము, యంత్రము, శరణాగతి అను మూడు మాటలును ఈ విధముగా రెండు శ్లోకములలోనే చేరియున్నవి. ఇచ్చట యంత్రమనగా దేహేంద్రియముల రూపమున పరిణమించిన ప్రకృతియే యని భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున వివరించియున్నారు. అనగా మానవుడు పుట్టినది మొదలు ఒక యంత్రముపైననే కూర్చుండియున్నాడు. దానిని నిర్మించినవాడును, నడిపించువాడును లోపలనున్న స్వామియే.

ఈ కాలమున యంత్రమను మాట మరియొక అర్థముతో అనేక వైష్ణవ గృహములలోనికి వచ్చినది. గుండె కొట్టుకొనుట మందగించినదనియు, పేస్‌మేకరు అను చిన్న యంత్రమును శరీరములో అమర్చవలెననియు వైద్యుడు చెప్పిన దినమున ఆ ఇంటిలో రెండు విధములైన కలత పుట్టును. మొదటిది అందరికిని కలుగు భయము. రెండవది భగవత్పాదములను ఆశ్రయించిన వారికి మాత్రమే కలుగు సందేహము. “రక్షణభారమును స్వామిపై ఉంచిన తరువాత, ప్రాణము నిలుపుకొనుటకు ఒక యంత్రమును ఆశ్రయింపవచ్చునా? అది విశ్వాసలోపము కాదా?” అని వారు తమలో తాము తర్కించుకొందురు. ఈ ప్రశ్న పూర్వాచార్యులకు ఇదే రూపమున ఎదురుపడలేదు. అయినను దానికి వలసిన సమాధానము వారు చూపిన మార్గమునందే కలదు.

ముందుగా వ్యాధిస్వరూపమును కొంత తెలిసికొనుట మంచిది. తెలియని దానిని గురించి చేయు వేదాంతవిచారము తరచు భయమునకు వేసిన ముసుగే యగును. హృదయమునకు నాలుగు గదులు కలవు. కుడివైపు పైగదిలో, పైభాగమున, కంటికి సులభముగా కనబడని ఒక చిన్న కణసముదాయము ఉన్నది. అదియే నిమిషమునకు 60 మొదలు 100 సార్లు వరకు విద్యుత్ప్రేరణను పుట్టించును. ఆ ప్రేరణ క్రిందిగదులకు చేరినప్పుడు హృదయము ముడుచుకొని రక్తమును తోయును. ఈ స్థానమును ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞులు 1907లో వర్ణించినారు. నిమిషమునకు 72 సార్లు చొప్పున లెక్కించినచో అహోరాత్రమున హృదయము లక్షకు పైగా కొట్టుకొనును. ఒక దినమున ప్రాణి తీసికొను శ్వాసలు 21,600 అని యోగశాస్త్రజ్ఞులు లెక్క చెప్పినారు. ఈ లక్ష స్పందనములలో ఒక్కటియైనను తన ప్రయత్నముచే జరిగినదని చెప్పగల మానవుడెవ్వడు?

వయస్సు పైబడినప్పుడు, లేక ఇతర కారణములచేత, ఆ ప్రేరణ పుట్టుట మందగించవచ్చును. పుట్టినను క్రిందిగదులకు చేరు మార్గమున అడ్డు పడవచ్చును. అప్పుడు నాడి నిమిషమునకు 40కో, 35కో దిగును. ఒక్కొక్కప్పుడు కొన్ని క్షణములు పూర్తిగా ఆగును. కళ్లు తిరుగుట, ఉన్నట్టుండి మూర్ఛపోవుట, నాలుగు మెట్లు ఎక్కినంతనే ఆయాసము, పగలంతయు తీరని నీరసము దీని లక్షణములు. నాడి నెమ్మదించిన ప్రతివానికి యంత్రము అవసరము లేదు. కొందరికి వాడుచున్న మందుల వలన, మరికొందరికి థైరాయిడు గ్రంథి మాంద్యము వలన ఇట్లు జరుగును. ఆ కారణమును తొలగించిన చాలును. వ్యాయామశీలురకు నెమ్మదియైన నాడి ఆరోగ్యలక్షణమే కావచ్చును. ఇ.సి.జి. మొదలగు పరీక్షలచే దీనిని నిర్ణయించుట వైద్యుని పని. ఇంటిలోని పెద్దలు, పొరుగువారు చేయు పని కాదు.

1958వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన స్వీడన్ దేశపు స్టాక్‌హోమ్ సమీపమున, మానవశరీరములో మొట్టమొదటి పేస్‌మేకరు అమర్చబడినది. రోగి పేరు ఆర్నె లార్సన్. వయస్సు 43 సంవత్సరములు. ఆయన దినమునకు ఇరవై, ముప్పై సార్లు మూర్ఛపోవుచుండెను. భార్య పట్టు విడువక శస్త్రవైద్యుడైన ఓకె సెనింగ్ గారిని, ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ గారిని ఒప్పించినది. బూటు పాలిషు డబ్బాను అచ్చుగా పెట్టి, రెసిన్ పోసి ఆ యంత్రమును తయారుచేసినారట. అది కొద్ది గంటలకే ఆగిపోయినది. మరియొకటి పెట్టినారు. ఆ తరువాత జీవితకాలమున ఆయనకు ఇరువదికి పైగా యంత్రములు మార్చవలసివచ్చినది. అయినను ఆయన 86 సంవత్సరములు జీవించి 2001లో, హృదయముతో సంబంధము లేని క్యాన్సరుచే మరణించినాడు. యంత్రమును నిర్మించిన ఇంజనీరు 1996లోను, దానిని అమర్చిన వైద్యుడు 2000లోను ఆయనకంటె ముందే వెళ్లిపోయినారు. ఆయువును కొలిచి ఇచ్చు చేయి వేరొకటి కలదని చెప్పుటకు ఇంతకుమించిన ఉదాహరణము దొరకదు. ప్రాణము పోసినవారు ముందు పోయినారు, నేడో రేపో యనబడినవాడు వెనుక పోయినాడు.

నేటి యంత్రము బరువు సుమారు 25, 30 గ్రాములు మాత్రమే. ఆ చోటికి మాత్రము మత్తు ఇచ్చి, భుజమునకు దిగువన రొమ్ము పైభాగమున చర్మము క్రింద దానిని ఉంచుదురు. దాని సన్నని తీగలను రక్తనాళము గుండా హృదయము లోపలికి పంపుదురు. ఒక గంటయో, మరికొంతయో పట్టును. బ్యాటరీ సాధారణముగా 8 మొదలు 12 సంవత్సరములు పనిచేయును. తీగలు లేని మిక్కిలి చిన్న యంత్రములును ఇప్పుడు వాడుకలోనికి వచ్చినవి. వీని పనితీరులో గమనింపదగిన విశేషమొకటి ఉన్నది. యంత్రము ఎల్లప్పుడు హృదయమును తట్టుచుండదు. అది వినుచుండును. హృదయము తనంత తాను కొట్టుకొనినచో ఊరకుండును. నిర్ణీతమైన వ్యవధిలో స్పందనము రానిచో అప్పుడు మాత్రమే స్వల్పమైన ప్రేరణ నిచ్చును. సహజమైన దానిని తొలగించి దాని స్థానమును ఆక్రమించుట దీని స్వభావము కాదు. లోపించిన చోట పూరించుటయే దీని స్వభావము. అయినను ఇది బ్యాటరీతో నడచు వస్తువు. అంతర్యామితో దీనిని పోల్చి మురిసిపోవుట తగదు.

తెలుగుదేశమున ఏ గ్రామమునందైనను కనబడగల ఒక ఇంటిని ఊహించిన చాలును. డెబ్బదియైదు దాటిన గృహస్థు. నిత్యము తిరువారాధనము చేయువాడు. రెండుసార్లు పెరుమాళ్ల సన్నిధిలోనే తూలి పడినాడు. వైద్యుడు యంత్రమును పెట్టవలెననినాడు. కుమారుడు, “నాన్నగారూ, ఒప్పుకొనండి” అని ప్రాధేయపడును. ఆయన, “వద్దు నాయనా, హనుమంతుని కట్టిన త్రాళ్లు తెలియునుగదా” అనును. అంతతో కుమారుని నోరు మూతపడును.

ఆ దృష్టాంతము సంప్రదాయమున ప్రసిద్ధమైనదే. లంకలో ఇంద్రజిత్తు ప్రయోగించిన బ్రహ్మాస్త్రముచే హనుమంతుడు బద్ధుడైనప్పుడు, రాక్షసులు అది చాలదేమోయని నారత్రాళ్లు తెచ్చి కట్టినారు. ఇతర బంధమును సహింపని ఆ అస్త్రము వెంటనే విడిచిపోయినది. ప్రపత్తియు అట్టిదేననియు, దానికి మరియొక ఉపాయమును జోడించినచో అది నిలువదనియు ఆచార్యులు బోధించినారు. ఆ పెద్దమనిషి చెప్పిన మాటలో అసత్యము లేదు. కాని ఆ దృష్టాంతము దేనిని గూర్చినదో విచారింపవలెను. మోక్షమునకు భగవంతుని తప్ప వేరొక ఉపాయమును వెదకరాదని దాని తాత్పర్యము. ఆకలి వేసినప్పుడు అన్నము తినరాదని కాదు. దాహమునకు నీరు, చలికి దుప్పటి, చూపు మందగించినప్పుడు కంటి అద్దములు ప్రపన్నుని శరణాగతిని చెరుపవు. అద్దములు పెట్టుకొని దివ్యప్రబంధమును చదువు పెద్దలెందరో కలరు. అద్దములు చెరుపని శరణాగతిని యంత్రము చెరుపునని చెప్పుట ఎట్లు? చర్మమునకు వెలుపల ఉన్నది కావున అది తగుననియు, లోపల ఉన్నది కావున ఇది తగదనియు అందురా? అప్పుడది శరణాగతి విచారము కాదు, చర్మవిచారమగును.

యుద్ధభూమిలో లక్ష్మణస్వామి మూర్ఛిల్లినప్పుడు శ్రీరామచంద్రుడు ఏమి చేసినాడో స్మరింపవలెను. పడినవాడు ఆదిశేషుడు. ప్రక్కన నిలిచినవాడు సాక్షాత్తు నారాయణుడు. ఒక్క సంకల్పముతో లేపగలవాడు. కాని సుషేణుడు మందు చెప్పవలసివచ్చినది. హనుమంతుడు పర్వతమును మోసికొని రావలసివచ్చినది. ఓషధిని నలిపి వాసన చూపవలసివచ్చినది. స్వామి మానుషమర్యాదను పాటించి, వైద్యుని మాటను మన్నించి, మందుకొరకు ఎదురుచూచినాడు. విష్ణుసహస్రనామములలో “భేషజమ్”, “భిషక్” అను రెండు నామములు ప్రక్కప్రక్కనే ఉన్నవి. మందును ఆయనయే, మందు నిచ్చువాడును ఆయనయే. నిత్యము సహస్రనామ పారాయణము చేయువారు ఈ రెండు నామములను గబగబ దాటిపోవుదురు గాని, ఆస్పత్రి మెట్లు ఎక్కు దినమున అవి జ్ఞప్తికి రావలెను.

కాంచీపుర సమీపమునందలి తిరుముక్కూడల్ గ్రామమున ఒక విష్ణ్వాలయము కలదు. 11వ శతాబ్దమున, వీరరాజేంద్ర చోళుని కాలమున వేయబడిన అచ్చటి శాసనము ఆ ఆలయమునకు అనుబంధముగా నడచిన ఆతురశాలను వర్ణించుచున్నది. దానిలో 15 పడకలు, ఒక వైద్యుడు, ఒక శస్త్రవైద్యుడు, రోగులను చూచుకొను స్త్రీలు ఉండిరి. నిలువ ఉంచవలసిన ఔషధముల పేర్లు సైతము ఆ శాసనమున ఉన్నవి. అది సంప్రదాయము ప్రకారము భగవద్రామానుజులు జీవించియున్న కాలమే (1017–1137). దేవుని సొమ్ముతో చికిత్స చేయించుట అప్పటి పెద్దలకు అపచారముగా తోచలేదు. తిరుపతిలో దేవస్థానము నెలకొల్పిన శ్రీవేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ 1993 నుండి రోగులకు సేవ చేయుచున్నది. హుండీలో కానుక వేసిన చేతులు, అదే స్వామి పేరిట నడచు వైద్యమును నిరాకరించుటలో ఔచిత్యము కనబడదు.

ఇక పరీక్షిన్మహారాజును ఉదాహరించువారు ఉన్నారు. ఏడు దినములలో మరణము తప్పదని తెలిసినప్పుడు ఆయన మందులు వెదకక గంగాతీరమున కూర్చుండి భాగవతమును వినినాడుగదా యని వారి వాదము. ఇందులో రెండు సంగతులు గమనింపవలెను. మహాభారతములో అదే రాజు వేరొక విధముగా కనబడును. ఒంటిస్తంభపు మేడ కట్టించుకొని, చుట్టును వైద్యులను, ఓషధులను, మంత్రసిద్ధులను నిలుపుకొని, భయముతో దినములు లెక్కపెట్టును. ఒకే రాజు రెండు గ్రంథములలో మానవుని రెండు మనఃస్థితులకు ప్రతీకయై నిలిచినాడు. భయముతో చేసికొనిన చికిత్స మేడయగును, భయము లేని నిరీక్షణము గంగాతీరమగును. రెండవ సంగతి యేమనగా, ఆయన గడువు శాపముచే నిర్ణయింపబడినది. నాడి మందగించిన గృహస్థునకు అట్టి గడువును ఎవరును చెప్పలేదు. పైగా, యంత్రము పెట్టిన పిమ్మట ఇంకను కొన్ని సంవత్సరములు మామూలుగా తిరుగవచ్చునని వైద్యుడు చెప్పుచున్నాడు. లేని శాపమును తనకు తానే విధించుకొనుట వైరాగ్యము కానేరదు.

ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయమును చెప్పక తప్పదు. నిజమునకు చర్చయంతయు దీనిపైననే ఆధారపడియున్నది. ప్రపన్నులలో దృప్తుడు, ఆర్తుడు అని రెండు విధములవారిని ఆచార్యులు చెప్పినారు. ఈ దేహము పడిపోవు వరకు ఓర్చియుండి, అటుపైన మోక్షమును కోరువాడు దృప్తుడు. భగవద్విరహమును క్షణమైనను సహింపలేక ఇప్పుడే రమ్మని పిలుచువాడు ఆర్తుడు. “ఇక చాలును, స్వామి తీసికొనిపోవుగాక” అని పలుకు వృద్ధుడు తాను ఆర్తుడననియే భావించును. ఇంటివారును, “తాతగారికి విరక్తి కలిగినది” అని చేతులు జోడింతురు. కాని నిమిషమునకు 35 సార్లు మాత్రమే కొట్టుకొను హృదయము మెదడునకును, కండరములకును చాలినంత రక్తమును పంపలేదు. దాని ఫలము నిరుత్సాహము, మతిమాంద్యము, దేనియందును ఇచ్ఛ లేకపోవుట. పూజకు పుష్పములు కోయు ఓపిక లేదు, మనుమని మాట వినవలెనని లేదు, ప్రసాదముపైనను రుచి లేదు. ఇది వైరాగ్యమా, రక్తము చాలకపోవుటయా? విరక్తుడు సంసారమునందు ఇచ్ఛను విడుచును గాని, స్వామియందు విడువడు. తిరువారాధనముపై సైతము ఆసక్తి ఎండిపోయినచో, అది ఆర్తి యని పొరబడరాదు. అది రోగలక్షణము. యంత్రము అమర్చిన కొద్ది దినములలోనే ఇట్టివారు లేచి కూర్చుండి, “ఏకాదశి ఎప్పుడు?” అని అడుగుట కద్దు. అలసటకు భక్తి యని పేరు పెట్టి ఒక మనిషిని చేజార్చుకొనుట కంటె పెద్ద పొరపాటు మరియొకటి ఉండబోదు. ఆ పొరపాటులో ఇంటివారి గౌరవభావమునకును పాలు కలదు.

దేహము ఎవరిదను ప్రశ్నయు ఇందులో ఇమిడియున్నది. జీవుడు శేషభూతుడు, భగవంతుడు శేషి. జీవుడే తనవాడు కానప్పుడు, జీవుడు ధరించిన దేహము తనదెట్లగును? యజమానుడు ఇచ్చిన పనిముట్టును సేవకుడు తన ఇష్టము వచ్చినప్పుడు పారవేయడు. మొక్కవోయినచో బాగుచేయించుకొనును. “నాకు యంత్రము వద్దు, నేను విశ్వాసవంతుడను” అను వాక్యములో “నాకు”, “నేను” అను పదములు ఎంత గట్టిగా పలుకబడుచున్నవో ఏకాంతమున పరిశీలించుకొనవలెను. త్యాగరూపమున అహంకారము వచ్చినప్పుడు దానిని గుర్తించుట కష్టము.

కూరత్తాళ్వానుల చరిత్ర ఇచ్చట ఎదురుతర్కముగా తోచవచ్చును. ఆచార్యుని కొరకు కన్నులను పోగొట్టుకొనిన ఆ మహాత్ముడు, వరదరాజస్వామి సన్నిధిలో తనకు చూపు కోరక, తనకు కీడు తలపెట్టిన నాలూరానునకు మోక్షమును కోరినాడు. ఎంతటి మహత్త్వము! కాని, పోయి కన్నులను వేడుకొనుమని ఆయనను కాంచీపురమునకు పంపినది ఎవరు? సాక్షాత్తు భగవద్రామానుజులే. ప్రపత్తిమార్గమునకు ఆచార్యుడైనవాడు తన శిష్యుని నేత్రములకొరకు ప్రార్థింపుమని ఆజ్ఞాపించినాడు. శిష్యుని కోర్కె శిష్యుని గొప్పతనము, ఆచార్యుని ఆజ్ఞ మార్గమర్యాద. సామాన్యులు దేనిని అనుసరింపవలెనో చెప్పనక్కరలేదు.

ఇంతమాత్రమున ప్రతివాడును, ఎట్టి స్థితిలోనైనను యంత్రమును పెట్టించుకొనవలెనని చెప్పినట్లు కాదు. దీనికి ఎదురైన దోషమును ఉన్నది. ఇతర వ్యాధులచే శరీరమంతయు శిథిలమై, మంచము దిగలేని స్థితిలోనున్న వృద్ధునకు, ఇంటివారు తమ తృప్తికొరకు యంత్రము పెట్టించుట కలదు. “అన్ని ప్రయత్నములు చేసితిమి” అని బంధువులకు చెప్పుకొనుటకు చేయు చికిత్స రోగికొరకు చేసినది కాదు. అట్టి స్థితిలో తెలివి కలిగియున్న రోగి శాంతముగా వద్దనినచో, ఆ మాటను మన్నింపవలెను. వైద్యనీతియు దానిని అంగీకరించుచున్నది. రెండు నిర్ణయములలో దేనిని తీసికొనినను, దాని వెనుక భయమున్నదా, విశ్వాసమున్నదా యనునదియే చూడవలసినది. భయముతో ఒప్పుకొనినవాడు మరునాటినుండి నాడి పట్టుకొనియే కూర్చుండును. స్వామి ఇచ్చిన మరికొంత కాలమని ఒప్పుకొనినవాడు మరునాడు తులసి కోయుటకు లేచును.

యంత్రము ప్రాణోత్క్రమణమును అడ్డగించునేమో యను భీతి కొందరిని లోలోపల బాధించును. హృదయమునుండి బయలుదేరు నాడులు 101 అని కఠ, ఛాందోగ్య ఉపనిషత్తులు చెప్పుచున్నవి. అందొకటి శిరస్సును చేరును. హృదయస్థుడైన పరమాత్మ అనుగ్రహము పొందిన జీవుడు ఆ నాడి ద్వారమున వెడలునని బ్రహ్మసూత్రముల నాలుగవ అధ్యాయము నిరూపించినది. పేస్‌మేకరు తీగ ఆ ద్వారమును మూయునా? మూయదు. వైద్యశాస్త్రము చెప్పు సంగతియు ఇదే. మరణము ఆసన్నమైనప్పుడు హృదయకండరము ప్రేరణకు బదులు పలుకుట మానివేయును. యంత్రము తట్టినను హృదయము ముడుచుకొనదు. పేస్‌మేకరు ఉన్నవారు ఇతరులవలెనే ప్రశాంతముగా మరణించుచున్నారు. ప్రమాదకరమైన వేగమును ఆపుటకు పెట్టు వేరొక యంత్రము ఉన్నది. అది గట్టి విద్యుదాఘాతమును ఇచ్చును. అంత్యదశలో ఆ ఆఘాతములు బాధ కలిగింపవచ్చును. కావున వానిని ఆపివేయించు విషయము వైద్యునితో ముందుగా మాటలాడుకొనుట మంచిది. ఈ రెండు యంత్రములును ఒకటేయని తలచి కలవరపడువారు కొందరు కలరు.

హృదయము లోపల ఉన్న సూక్ష్మాకాశమును గురించి ఛాందోగ్యము చెప్పిన మాటయు ఇక్కడ ధైర్యమునిచ్చును. దేహమునకు ముసలితనము వచ్చినను దానికి రాదు. దేహము హతమైనను అది హతము కాదు. శస్త్రవైద్యుని తీగ చేరునది మాంసమయమైన గుండెను. స్వామి ఉండు దహరాకాశమును చేరుటకు ఏ తీగయు చాలదు. యంత్రముచే స్వామి సన్నిధికి మైల పడునని చింతించుట వృథా.

చివరకు వరాహచరమశ్లోకమును స్మరింపవలెను. తిరుమల ఆదివరాహ క్షేత్రమని ప్రసిద్ధి. యాత్రికులు ముందుగా వరాహస్వామిని సేవించుట అచ్చటి మర్యాద. ఆ స్వామి భూదేవికి ఇచ్చిన మాట మిక్కిలి ఓదార్పు కలది. మనస్సు నెమ్మదిగాను, శరీరము బాగుగాను, ధాతువులు సమముగాను ఉన్న కాలమున తన్ను స్మరించిన భక్తుని, అతడు కట్టెవలె, రాయివలె తెలివి తప్పి పడియున్న అంత్యకాలమున తానే స్మరించి పరమగతికి చేర్చెదనని ఆ మాట. నాడి ఆగి స్పృహతప్పి పడిపోవు రోగికి, ఆ మూర్ఛలోనే మరణింతునేమో, నామస్మరణ లేకయే పోవుదునేమో యను భయము సహజము. ఆ భయమునకు ఇది పూర్తియైన సమాధానము. అప్పుడు తలచు భారము స్వామిది. భక్తుని వంతు శరీరము స్వస్థముగా ఉన్న కాలమున తలచుటయే. అట్టి కాలము ఇంకను కొంత దొరకు అవకాశమున్నప్పుడు దానిని కాలదన్నుకొనుట ఎందుకు?

యంత్రము పెట్టించుకొనినవారు తెలిసికొనవలసిన ఆచారవిషయములు కొన్ని కలవు. మొదటి నాలుగైదు వారములు యంత్రమున్న వైపు చేతిని భుజమునకు మించి ఎత్తరాదని వైద్యులు చెప్పుదురు. లోపలి తీగలు కుదురుకొనుటకు అంతకాలము పట్టును. కావున ఆ దినములలో గోవిందనామమునకు రెండు చేతులు శిరస్సుపై జోడించుటకు బదులు, హృదయముకడ అంజలి పట్టిన చాలును. సాష్టాంగమును వైద్యుడు చెప్పు వరకు ఆపవలెను. అలిపిరి మార్గమున మూడున్నర వేలకు పైగా మెట్లు కలవు. హృద్రోగులు వైద్యుని అనుమతి లేక కాలినడకన ఎక్కరాదు. మ్రొక్కు ఉన్నచో బస్సులో వెళ్లి తీర్చుకొనవచ్చును. తనిఖీ ద్వారములకడ యంత్రపు గుర్తింపు కార్డును చూపవలెను. ద్వారము గుండా ఆగక మామూలుగా నడచిపోవచ్చును. చేతితో పట్టుకొను పరికరమును రొమ్ముపై ఆనించి ఉంచవద్దని చెప్పిన సిబ్బంది వినెదరు. సెల్‌ఫోనును చొక్కా పైజేబులో, యంత్రమునకు దగ్గరగా ఉంచుకొనరాదు. ఏకాదశినాడు మందులు మానరాదు. వ్రతభంగము కలిగింపని ఎనిమిదింటిలో ఔషధము ఒకటియని ధర్మశాస్త్రమే చెప్పుచున్నది.

ఇంకొక సంగతి పెద్దలు పలుకుటకు సంకోచింతురు గాని ఇంటివారు తప్పక తెలిసికొనవలెను. యంత్రములోని బ్యాటరీ చితాగ్నిలో పేలును. కావున అగ్నిసంస్కారమునకు ముందే వైద్యులచే దానిని తీయించవలెను. చిన్న గాటుతో కొద్ది నిమిషములలో అయిపోవు పని అది. శవమును కోయుట అపచారమని ఆ సమయమున బంధువులు వాదులాడుకొనకుండ, యంత్రము పెట్టించుకొనినవారు తామే జీవించియుండగనే కుమారునితోనో, కుమార్తెతోనో ఈ విషయమును చెప్పి, గుర్తింపు కార్డు ఎక్కడ ఉన్నదో చూపి ఉంచవలెను.